నీడ వేసేది ఒకరు, మసక చేసేది ఇంకొకరు

పత్రికల్లో పెద్ద శీర్షికల వెనక పలచటి నీడ ఒకటి పరుస్తారు. అక్షరాలు కాగితానికి అంటుకుపోకుండా కాస్త పైకి లేచినట్టు కనిపించాలని. ఈ పని నేను గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంటాను. శీర్షిక టైపు చేసి, మెనూలోకి వెళ్లి డ్రాప్ షాడో నొక్కితే రెప్పపాటులో నీడ పడుతుంది. ఆ రెప్పపాటులో ఏం జరుగుతోందో చాలాకాలం పట్టించుకోలేదు. ఒకసారి నీడ కొంచెం వేరే తీరుగా కావలసి వచ్చి, ఆ పని చేసే ఫైలును తెరిచాను. అది మామూలు అక్షరాల్లో రాసిన చిన్న స్క్రిప్టు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

స్క్రిప్టు ముందు అక్షరాల ఆకారాన్ని పట్టుకుంటుంది. కింద కొత్త పొర పరుస్తుంది. అందులో నలుపు నింపి, ఆ పొరను కాస్త కుడికి, కాస్త కిందికి జరుపుతుంది. ఇంతవరకూ అర్థమైంది. కానీ నీడకు అందమంతా దాని అంచులు మెల్లగా కరిగిపోవడంలోనే ఉంది. అవి కరగకపోతే నల్ల అట్టముక్క కత్తిరించి అతికించినట్టే ఉంటుంది. ఆ కరిగించే లెక్క ఎలా రాశారో చూద్దామని పైనుంచి కిందిదాకా వెతికాను. ఎక్కడా లేదు. అది ఉండాల్సిన చోట ఒక్కటే వరుస ఉంది: ‘ప్లగ్-ఇన్-గాస్-ఆర్ఎల్ఈ’ అనే పేరు, దాని పక్కన ఆరు విలువలు. నీడ వేసే స్క్రిప్టుకు మసక చేయడం రాదన్నమాట. వచ్చినవాళ్లను పిలిచి చేయించుకుంటోంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నీడ స్క్రిప్టు స్కీమ్ అనే భాషలో ఉంది. మసక చేసే ప్లగిన్‌ను సీ భాషలో రాశారు. ఒకటి మారితే రెండోదానికి చెప్పే ఏర్పాటేమీ లేదు. ఒకదాని లోపలి సంగతి రెండోదానికి తెలియదు. అయినా ఒకటి పిలిస్తే ఇంకొకటి పలుకుతోంది. ఈ ఏర్పాటు గురించే నాకు చెప్పాలని ఉంది. మనం రోజూ వాడే ఫోన్లూ కంప్యూటర్లూ ఇలాంటి ఏర్పాట్ల మీదే నిలబడి ఉన్నాయి. మన తెలుగు అక్షరం తెర మీద సరిగా కనబడుతోందంటే అదీ ఇలాంటి ఏర్పాటు పుణ్యమే.

ఒకరు రాసిన లెక్కను పదిమందీ వాడుకోవాలన్న కోరిక కంప్యూటరు పుట్టినప్పటిది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం కట్టిన ఎడ్‌సాక్ యంత్రం 1949 మే 6న మొదటి లెక్క చేసింది. అప్పుడు ప్రోగ్రాములంటే కాగితపు టేపుల మీద చిల్లులు. వర్గమూలం కట్టడం, భాగాహారం చేయడం, అంకెల్ని ముద్రించడం వంటి పనులు అందరికీ కావాలి. వాటిని ఎవరికి వారు రాసుకుంటే ఎవరి తప్పులు వాళ్లవి. అందుకని ఒక్కో పనికి ఒక్కో టేపు తయారుచేసి బీరువాలో పెట్టారు. కొద్దికాలంలోనే అందులో 80కి పైగా పోగయ్యాయి. కావలసినవాళ్లు బీరువాలోంచి టేపు తీసి, యంత్రం మీద దాని నకలును తమ టేపులోకి ఎక్కించుకునేవాళ్లు. పని అయ్యాక అరువిచ్చిన టేపు మళ్లీ బీరువాలోకి.

అరువు తెచ్చిన ముక్క తన పని ముగించాక ఎక్కడికి తిరిగి వెళ్లాలి? ఒక్కో ప్రోగ్రాము దాన్ని ఒక్కో చోటి నుంచి పిలుస్తుంది కదా. డేవిడ్ వీలర్ అనే యువకుడు దీనికి దారి కనిపెట్టాడు. పిలిచేవాడు పిలిచేముందు తన చిరునామా అప్పజెప్పి పిలుస్తాడు. పిలిపించుకున్నవాడు ఆ చిరునామాను తన చివరి ఆదేశంలో రాసుకుని, పని కాగానే అక్కడికే చేరతాడు. ఇప్పుడు మనం ఫంక్షన్ కాల్ అంటున్నదానికి మూలం ఇందులోనే ఉంది.

బీరువా పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండిపోయింది. పదిమంది వాడుకుంటే పది నకళ్లు తయారవుతాయి. అసలు టేపులో తప్పు దొరికినా నకళ్లలోని తప్పు అలాగే ఉంటుంది. తర్వాతి రోజుల్లో వచ్చిన షేర్డ్ లైబ్రరీలు ఈ చిక్కు తీర్చాయి. విండోస్‌లో డీఎల్ఎల్ అనేవీ, లినక్స్‌లో ఎస్ఓ అనేవీ ఇవే. ఈ పద్ధతిలో ప్రోగ్రాము లోపల ఫంక్షన్ ఉండదు, దాని పేరు మాత్రం ఉంటుంది. ప్రోగ్రాము మొదలయ్యే వేళకు లోడర్ అనే సహాయకుడు ఆ పేరును లైబ్రరీ పట్టికలో వెతికి, దొరికిన చిరునామాను ఖాళీలో నింపుతాడు. నకలు ఒకటే. దాన్ని బాగుచేస్తే అందరికీ బాగైనట్టే.

ప్లగిన్ల దగ్గర లెక్క ఇంకాస్త చిక్కుపడుతుంది. ప్లగిన్ అంటే అసలు సాఫ్ట్‌వేర్ తయారై జనం చేతుల్లోకి వెళ్లాక, బయటివాళ్లు రాసి తగిలించే ముక్క. పక్కన ఇంకే ప్లగిన్లు ఉంటాయో దాన్ని రాసేవాడికి ముందుగా తెలియదు. ఇద్దరు వేర్వేరు మనుషులు తమ ఫంక్షన్‌కు ఒకే పేరు పెట్టి ఉండొచ్చు. ఒకరిది సీ, ఇంకొకరిది పైథాన్ కావచ్చు. పోనీ ఇద్దరిద్దరూ మాట్లాడుకుని ఒప్పందం చేసుకుంటారా అంటే, వంద ప్లగిన్లకు 4,950 జంటలు. అది అయ్యే పని కాదు. అందరూ కలిసే రచ్చబండ ఒకటి ఉంటే, ఒక్కొక్కరు దానితో కుదుర్చుకునే ఒప్పందం ఒక్కటే చాలు.

గింప్‌లో ఆ రచ్చబండ పేరు ప్రొసీజరల్ డేటాబేస్. వాడేవాళ్లు పీడీబీ అంటారు. గింప్‌ను కాలిఫోర్నియాలోని బర్కిలీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టారు. 1998 జూన్‌లో 1.0 వచ్చేనాటికి పీడీబీ దానికి వెన్నెముక అయింది.

అది పనిచేసే తీరు నాకు చాలా ఇష్టం. గింప్ లేవగానే ప్లగిన్ల ఫోల్డర్లు చూస్తుంది. కొత్త ముఖం కనబడితే దాన్ని ఒక్కసారి నడిపి, నీకు ఏమేం వచ్చో చెప్పమంటుంది. ప్లగిన్ తన వివరాలన్నీ వరసగా చెబుతుంది: ఫంక్షన్ పేరు, అది చేసే పని, రాసినవాళ్లు, సంవత్సరం, ఎన్ని విలువలు ఇవ్వాలి, ఒక్కోటీ ఏ రకం, తిరిగి ఏమిస్తుంది. గింప్ ఇదంతా ‘ప్లగిన్‌ఆర్‌సీ’ అనే ఫైలులో రాసుకుంటుంది. ఆ తర్వాత ప్లగిన్ పడుకుంటుంది. మర్నాడు గింప్ తెరిస్తే దాన్ని మళ్లీ లేపాల్సిన పని లేదు, రాసుకున్నది చదివితే సరిపోతుంది. ఎవరైనా ఆ పేరు పిలిచినప్పుడే దాన్ని నిద్రలేపుతుంది. గింప్ సహాయం మెనూలో ప్రొసీజర్ బ్రౌజర్ అనే కిటికీ ఉంటుంది. అందులో ఈ పేర్లన్నీ ఊరి ఓటర్ల జాబితాలా బారుగా కనబడతాయి.

అందులో గమనించాల్సింది ఏమిటంటే, గింప్ తన సొంత పనుల్ని కూడా అదే జాబితాలో, అదే పద్ధతిలో పెట్టింది. కొత్త పొర వేయడం గింప్ చేసే పని. మసక చేయడం అప్పట్లో ప్లగిన్ చేసే పని. పిలిచేవాడికి మాత్రం రెండూ ఒక తీరుగానే ఉంటాయి. ఎవరింట్లోంచి జవాబు వస్తోందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ సమానత్వం ఎంత పనికొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

పిలుపులో మొదటి విలువ గురించి ఒక మాట. దాన్ని రన్ మోడ్ అంటారు. మెనూలో మనిషి నొక్కితే, ఎంత మసక కావాలని అడుగుతూ చిన్న కిటికీ తెరుచుకోవాలి. ఇంకో ప్లగిన్ పిలిస్తే అలా తెరవకూడదు, అక్కడ జవాబు చెప్పే మనిషి లేడు కదా. అందుకే పిలిచేటప్పుడే చెప్పేస్తారు: ఇది మనిషి పిలుపా, యంత్రం పిలుపా అని. చిన్న విషయంలా ఉంటుంది గానీ, దీన్ని మరిచిపోయిన ప్లాట్‌ఫాంలలో రాత్రి వదిలేసి వచ్చిన పని తెల్లారి చూసేసరికి ఓకే బటన్ దగ్గర ఆగిపోయి ఉంటుంది.

రెండో, మూడో విలువలు బొమ్మకు సంబంధించినవి. 4,000 పిక్సెళ్ల వెడల్పు, 3,000 ఎత్తు ఉన్న ఫోటో, పిక్సెల్‌కు నాలుగు బైట్ల లెక్కన, 4 కోట్ల 80 లక్షల బైట్లు అవుతుంది. నీడ స్క్రిప్టు దాన్నంతా మోసుకెళ్లి మసక ప్లగిన్‌కు ఇవ్వదు. బొమ్మ నంబరు ఇంత, పొర నంబరు ఇంత అని రెండు అంకెలు మాత్రం ఇస్తుంది. బొమ్మ గింప్ దగ్గరే ఉంటుంది. ప్లగిన్‌కు దానిలోంచి చిన్న పలకలు అందుతాయి; పాత కూర్పుల్లో ఒక్కోటి 64 పిక్సెళ్ల పొడవు, 64 వెడల్పు, 16 కిలోబైట్లు. రెండు ప్రోగ్రాములూ చూడగలిగే ఉమ్మడి జ్ఞాపకంలో ఆ పలకను పెడతారు. ప్లగిన్ తీసుకుంటుంది, చేస్తుంది, అక్కడే పెడుతుంది.

రెండు ప్రోగ్రాములని ఊరికే అనలేదు. గింప్‌లో ప్రతి ప్లగిన్ వేరే ప్రాసెస్‌గా, అంటే కంప్యూటరు దృష్టిలో పూర్తిగా వేరే ప్రోగ్రాముగా నడుస్తుంది. గింప్‌తో పైపు అనే కబుర్ల దారి ద్వారా మాట్లాడుతుంది. ప్లగిన్ కూలిపోతే గింప్ కూలదు. ఫలానా ప్లగిన్ పోయింది, జాగ్రత్తకు మీ బొమ్మల్ని సేవ్ చేసుకోండి అని కబురు చెప్పి నిలబడుతుంది. సంగీతం రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో కథ వేరు. స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో తెచ్చిన వీఎస్‌టీ ప్లగిన్లు చాలా వాటిలో హోస్టు సాఫ్ట్‌వేర్ కడుపులోనే నడుస్తాయి. ఒకటి పడితే పక్కనున్నవాటిని కూడా లాక్కుని పడుతుంది. వాళ్లకు తెలియక కాదు. సెకనుకు 48,000 శబ్ద నమూనాల చొప్పున, ఒక్కో విడతకు 128 తీసుకుంటే, ప్రతి విడతనూ 2.7 మిల్లీసెకన్లలోపు ముగించాలి. ఆలస్యమైతే పాటలో టప్‌మని చప్పుడు వస్తుంది. ప్రాసెస్‌ల మధ్య కబుర్లు పంపుకునే తీరిక అక్కడ తక్కువ. బొమ్మల దగ్గర ఆ తీరిక ఉంది. ఉన్నచోట గోడ కట్టుకోవడమే సరైన పని అని నా నమ్మకం.

ఇక ‘గాస్-ఆర్ఎల్ఈ’ అనే పేరు సంగతి. గాస్ అంటే గణిత శాస్త్రజ్ఞుడు గాస్, ఆయన గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం మసక చేస్తారు. ఆర్ఎల్ఈ అంటే ఆ లెక్కను త్వరగా చేయడానికి లోపల వాడిన ఒక ఉపాయం. ఒకే రంగు వరసగా ఉన్న పిక్సెళ్లను కలిపి లెక్కపెట్టడం. గీసిన బొమ్మలకు అది వేగంగా పనిచేసేది. ఫోటోలకు ఐఐఆర్ అనే వేరే ఉపాయం మేలు, దానికి ఇంకో పేరు. రెండింటిలో పైకి కనబడే ఫలితం దాదాపు ఒకటే. అంటే ‘ఏం చేస్తాను’ అని మాత్రమే చెప్పాల్సిన పేరులోకి ‘ఎలా చేస్తాను’ అన్నది కూడా చొరబడింది. ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పనిపించి ఉండదు.

2018 ఏప్రిల్‌లో 2.10 వచ్చేసరికి గింప్ లోపలి లెక్కలు దాదాపు అన్నీ గెగల్ అనే కొత్త ఇంజిన్‌కు మారాయి. మసక చేసే పాత ప్లగిన్‌ను తీసేశారు. కానీ దాన్ని పేరుపెట్టి పిలిచే స్క్రిప్టులు ఎందరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. అందుకని పాత పేరును అలాగే ఉంచి, ఆ పేరుకు పలికే పనిని గింప్ తానే తలకెత్తుకుంది. లోపల కొత్త ఇంజిన్ మసక చేస్తుంది, బయట పేరు మాత్రం గాస్-ఆర్ఎల్ఈ. ఇందాక చెప్పిన సమానత్వం ఇక్కడ ఆదుకుంది. జవాబు చెప్పే మనిషి మారినా నీడ స్క్రిప్టులో ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం పడలేదు. కాకపోతే ఆర్ఎల్ఈ ఉపాయం పోయాక కూడా ఆ మూడక్షరాలు ఏళ్లపాటు పేరులో ఉండిపోయాయి. పదిమందీ పిలవడం మొదలుపెట్టాక పేరు ఇక మన సొంతం కాదు.

పేరు ఒక్కటే ఒప్పందం కాదని నేను నేర్చుకున్న రోజు కూడా చెప్పాలి. ఆ స్క్రిప్టును నా అవసరానికి మార్చుకుంటూ, ఆర్ఎల్ఈ ఎందుకని దాన్ని కొట్టేసి ‘ప్లగ్-ఇన్-గాస్’ అని రాశాను. ఆ పేరుతో కూడా ఒక ఫంక్షన్ ఉంది మరి. పక్కన ఉన్న చివరి మూడు విలువలు 15, 1, 1. నడిపితే తప్పని చెప్పలేదు, ఆగలేదు. నీడ మాత్రం తడి సిరా మీద చెయ్యి రాసినట్టు పక్కకు చెదిరిపోయింది. అరపూట వెతికితే గాని తెలియలేదు. పాత ఫంక్షన్‌లో 15 అంటే మసక ఎంత దూరం పాకాలన్నది, తర్వాతి రెండు ఒకట్లు ‘అడ్డంగా చెయ్యి, నిలువుగా చెయ్యి’ అన్న అవునులు. నేను పిలిచిన దాంట్లో మొదటిది అడ్డం కొలత, రెండోది నిలువు కొలత, మూడోది పద్ధతి. కాబట్టి అడ్డంగా 15, నిలువుగా 1 మసక చేసి ఇచ్చింది. నేను అడిగిందే చేసింది. అన్నీ అంకెలే కాబట్టి అనుమానించడానికి దానికి కారణమే లేదు. 2025 మార్చి 16న వచ్చిన గింప్ 3.0లో ప్రతి విలువకూ పేరు చెప్పి ఇచ్చే పద్ధతి తెచ్చారు. వరసను బట్టి అర్థం మారే బాధ అక్కడ లేదు. అందుకోసం పాత స్క్రిప్టులు చాలావరకు తిరగరాయాల్సి వచ్చింది. అయినా ఆ మార్పు చేయడమే మంచిదైందని అనుకుంటాను.

గింప్ దగ్గరే ఇంత సేపు ఆగడానికి మరో కారణం ఉంది. మొదట్లో గింప్ తన బటన్లూ మెనూల కోసం మోటిఫ్ అనే లైబ్రరీ వాడింది. అది అందరికీ స్వేచ్ఛగా దొరికేది కాదు. మాటిస్ సొంతంగా ఒకటి రాసుకున్నాడు. దాని పేరు గింప్ టూల్‌కిట్, పొట్టిగా జీటీకే. సొంత ఇంటికోసం తవ్విన బావి ఊరందరిదీ అయినట్టు, 1997లో మొదలైన గ్నోమ్ డెస్క్‌టాప్‌ను దాని మీదే కట్టారు. జీటీకేలో ప్రపంచ భాషలన్నీ చూపించడానికి పాంగో అనే లైబ్రరీ తయారైంది. అందులో పాన్ గ్రీకు మాట, అన్నీ అని. గో జపాను మాట, భాష అని. మన లిపి కథ ఇక్కడ కలుస్తుంది.

తెలుగు ఎందుకంత కష్టమో ఒక్క మాటతో చూపిస్తాను. ‘స్త్రీ’ అని టైపు చేస్తే కంప్యూటరు దాచుకునేది ఆరు సంఖ్యలు: 3128, 3149, 3108, 3149, 3120, 3136. అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. తెర మీద కనబడాల్సింది ఒక్క అక్షరం. సంఖ్యల్లో ఆఖరున ఉన్న గుడిదీర్ఘం వెళ్లి మొట్టమొదటి స నెత్తిన కూర్చోవాలి. దానికోసం స తన తలకట్టు వదులుకోవాలి. త కిందికి దిగి వత్తు కావాలి. ర ఇంకో వత్తై దాని సరసన చేరాలి. ఏ ఆకారం ఎక్కడ మారాలో చెప్పే పట్టికలు ఫాంటులో ఉంటాయి. వాటిని చదివి అమర్చే పనిని షేపింగ్ అంటారు.

లిపులకు ఇలా సంఖ్యలు కేటాయించే యూనికోడ్ 1991లో తెలుగుకు చోటిచ్చినా, ఈ అమరిక అందరికీ అందడానికి చాలాకాలం పట్టింది. 1990ల డీటీపీ సెంటర్లలో ఎవరి ఫాంటుకు వాళ్ల కోడు. ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చి పని కానిచ్చేవాళ్లు. ఒక ఫాంటులో కొట్టిన వ్యాసాన్ని ఇంకో ఫాంటులో తెరిస్తే తలాతోకా లేని గుర్తులు వచ్చేవి. మళ్లీ మొదటి నుంచీ కొట్టుకోవడమే. అలా ఎన్ని పుస్తకాల కంపోజింగ్ పాత డిస్కుల్లో తెరుచుకోకుండా పడి ఉందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ తర్వాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో కూడా షేపింగ్ కోడు పాంగోలో ఒక నకలు, క్యూటీ అనే మరో టూల్‌కిట్‌లో ఇంకో నకలుగా ఉండేది. కేంబ్రిడ్జి బీరువా చిక్కే మళ్లీ. ఒకదాంట్లో వత్తు సరిచేస్తే రెండోదాంట్లో తప్పు అలాగే ఉండేది. వాటిని కలిపి ఒక్కటి చేయాలనే ప్రయత్నమే హార్ఫ్‌బజ్. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతి పేరుకు పారశీక రూపం అది. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దాన్ని కొత్తగా తిరగరాసి నిలబెట్టారు. 2012లో పాంగో దానికి మారింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్ అన్నీ దాన్నే పిలుస్తాయి. గింప్‌లో నేను టైపు చేసే శీర్షిక పాంగో ద్వారా హార్ఫ్‌బజ్ చేతుల్లోకి వెళ్లి వత్తులు సర్దుకుని వస్తుంది. ఆ తర్వాతే నీడ వంతు. ఒక తెలుగు వత్తు తప్పును ఇప్పుడు అక్కడ ఒక్కచోట సరిచేస్తే, ఇవన్నీ కొత్త కూర్పు తెచ్చుకోగానే వాటిలోనూ సరవుతుంది.

అందరూ ఒకే బావిలో నీళ్లు తోడుకుంటే, ఆ బావి చెడితే? అదీ జరిగింది, మన అక్షరంతోనే. ఆపిల్ పరికరాల్లో చాలా యాప్‌లకు అక్షరాలు అమర్చేది కోర్‌టెక్స్ట్ అనే వాళ్ల సొంత ఉమ్మడి లైబ్రరీ. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లకు 3100, 3149, 3102, 8204, 3134 అనే ఐదు సంఖ్యల వరస వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దీర్ఘం. కలిపితే ‘జ్ఞా’. ఆ కనబడని గుర్తు లేకుండా మనం మామూలుగా రాసే జ్ఞాతో ఏ ఇబ్బందీ లేదు. మెసేజెస్, వాట్సాప్, సఫారీ, ఏది తెరిచినా అదే వరస. అవన్నీ అక్షరం గీయమని పిలిచేది ఒక్కరినే. నోటిఫికేషన్‌లో వస్తే ఫోను తెర మొత్తం పడిపోయేది. ప్రపంచమంతా దాన్ని ఫోన్లను చంపే తెలుగు అక్షరం అంది. వినడానికి బాధేసింది. అక్షరం తప్పేమీ లేదు. కోర్‌టెక్స్ట్ ఆ ఐదు సంఖ్యల్ని అమర్చబోయి జ్ఞాపకాన్ని చెడగొట్టేది.

ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది. సరిచేసింది ఆ లైబ్రరీని. వాట్సాప్ వాళ్లు దానికోసం కొత్త కూర్పు తేవాల్సిన పని పడలేదు, మిగతా యాప్‌లు రాసినవాళ్లు తమ కోడును తెరిచి చూడాల్సిన పనీ పడలేదు. ఫోను అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు అదే ఐదు సంఖ్యలు మళ్లీ వచ్చినప్పుడు, అన్ని యాప్‌లలోనూ జ్ఞా అని కనబడింది.